వేరొకరి డిజైన్ స్ఫూర్తితో చేసిన హార్డ్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ చేయడం: అనుమతి, సమాచారం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చిన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు గీసి, వాటి ఫైళ్లను అందరికీ విడుదల చేస్తుంటాను. ఎవరైనా వాటిని చూసి, మార్చి, తయారు చేసి, అమ్ముకునేలా ఇవ్వడాన్నే ఓపెన్ సోర్స్ చేయడం అంటారు. వాటిలో చాలావరకు మరొకరి పనిని చూసి మొదలైనవే. నా బోర్డులను చూసి ఇతరులు మొదలుపెట్టినవీ కొన్ని ఉన్నాయి. అటూ ఇటూ నిలబడి చూసినవాడిగా, నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాను. పేటెంట్లు, కంపెనీ ఒప్పందాలు, పెద్ద మొత్తాలు ముడిపడిన చోట మీ దేశపు చట్టం తెలిసినవారిని తప్పకుండా సంప్రదించండి.

ఒకరి బోర్డు చూసి నా బోర్డు తయారు చేశాను. ఫైళ్లు విడుదల చేయడానికి వారి అనుమతి కావాలా?

మీరు వారి నుంచి ఏం తీసుకున్నారన్నదే అసలు ప్రశ్న. వారి ఫైళ్లు తెరిచి, మార్చి, మీ పేరుతో దాచుకున్నారా? అలా అయితే అనుమతి కావాలి. అది లైసెన్స్ రూపంలో ముందే ఇచ్చి ఉండవచ్చు, లేదా మీరే అడిగి తెచ్చుకోవాలి. వారి ఆలోచన మాత్రమే నచ్చి, ఖాళీ పేజీ మీద మీ స్కీమాటిక్ (భాగాలు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో చూపే బొమ్మ) మీరే గీసుకున్నారా? అప్పుడు కాపీరైట్ పరంగా సాధారణంగా అనుమతి అక్కర్లేదు. కాపీరైట్ వ్యక్తీకరణకే తప్ప ఆలోచనలకు, పద్ధతులకు, పనిచేసే విధానాలకు వర్తించదని ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలో 1995లో అమల్లోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందం 9వ అధికరణం చెబుతుంది. ఒక సెన్సర్‌ను ఫలానా యాంప్లిఫయర్‌కు కలపాలన్న ఊహ ఎవరి సొత్తూ కాదు. ఆ ఊహను చూపించే బొమ్మ, లేఅవుట్ (బోర్డు మీద భాగాల, రాగి దారుల అమరిక), త్రీడీ మోడల్, వాడుక సూచనలు మాత్రం ఒకరి రచన అనుకునే నడుచుకోవాలి.

పేటెంట్ సంగతి పూర్తిగా వేరు. అది ఆవిష్కరణనే కాపాడుతుంది. మీరు సొంతంగా కనుక్కున్నా, ఫైళ్లు చూడకపోయినా అది అడ్డు వస్తుంది. దరఖాస్తు చేసిన తేదీ నుంచి సాధారణంగా 20 ఏళ్లు అమల్లో ఉంటుంది.

"స్ఫూర్తి పొందాను" అనడానికి, "మార్చుకున్నాను" అనడానికి గీత ఎక్కడ?

ఇక్కడ మనల్ని మనం మోసగించుకోవడం చాలా తేలిక, అందుకే ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగుతాను. చాలామంది "స్ఫూర్తి" అని రాసేది నిజానికి మార్పే. నేను వేసుకునే పరీక్ష ఇది: వారి ఫైళ్లు ఎన్నడూ బయటకు రాకుండా, ఒక ఫోటో, ఒక వివరణ మాత్రమే నాకు అంది ఉంటే, ఇదే బోర్డు నా చేతుల్లోంచి వచ్చేదా? వచ్చేదైతే అది స్ఫూర్తి. లేదూ, వారి లేఅవుట్‌ను తెర మీద పక్కనే పెట్టుకుని భాగాల స్థానాలు, రాగి దారులు, రంధ్రాల దూరాలు ఒక్కొక్కటిగా నా ఫైల్లోకి తెచ్చుకున్నానంటే, ప్రతి గీతా నా మౌస్‌తోనే గీసినా అది వారి పనికి రూపాంతరమే. వేరే సాఫ్ట్‌వేర్‌లో గీసినంత మాత్రాన సొంతం కాదు. బోర్డును స్కాన్ చేసి దాని మీద గీయడమూ అంతే.

మధ్యలో ఉండేవి చాలా ఉంటాయి. రంధ్రాల మధ్య దూరం, కనెక్టర్‌లో పిన్నుల వరుస వంటివి ఇంకో వస్తువుతో కలిసి పనిచేయడానికి అవసరమైన కొలతలు. వాటిని పాటించడాన్ని నకలుగా చూడకూడదు. బోర్డులు తయారు చేసే స్పార్క్‌ఫన్ సంస్థ క్విక్ అనే పేరుతో తెచ్చిన చిన్న నాలుగు పిన్నుల కనెక్టర్ పద్ధతికి సరిపోయేలా ఆడాఫ్రూట్ అనే మరో సంస్థ తన స్టెమ్మా క్యూటీ బోర్డులను రూపొందించింది. పేరు వేరు, బోర్డులు వేరు, తీగ మాత్రం ఒకటే సరిపోతుంది. ఆ విషయాన్ని దాచకుండా చెప్పుకున్నారు కూడా.

గీతకు స్ఫూర్తి వైపే ఉండాలని గట్టిగా అనుకునేవారికి పాత ఉదాహరణ ఒకటుంది. 1980లలో ఐబీఎం పీసీలోని బయోస్‌కు (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌కు) సరిసమానమైనదాన్ని ఫీనిక్స్ టెక్నాలజీస్ రాసినప్పుడు, ఒక బృందం అసలుదాన్ని చదివి అది ఏం చేస్తుందో మాత్రమే వివరంగా రాసిపెట్టింది. అసలు కోడ్‌ను చూడని మరో బృందం ఆ వివరణ నుంచి కొత్తగా రాసింది. ఒంటరిగా పనిచేసేవారికి రెండు బృందాలు ఉండవు. అయినా సూత్రం పనికొస్తుంది: ముందు అవసరాలను మీ మాటల్లో కాగితం మీద రాసుకోండి, వారి ఫైళ్లు మూసేయండి, ఆ తర్వాతే గీయడం మొదలుపెట్టండి. ఆ కాగితాన్ని తేదీతో సహా దాచుకోండి.

వారి డిజైన్‌కు ఓపెన్ లైసెన్స్ ఉంది. ఇక అడిగే పని లేనట్టేనా?

అనుమతి అడిగే పని లేదు. లైసెన్స్ అంటేనే ముందుగా, అందరికీ ఇచ్చిన అనుమతి. దాన్ని మళ్లీ అడిగితే, కాదనే అవకాశం వారికి ఉందన్న తప్పు అభిప్రాయం ఇద్దరికీ కలుగుతుంది. మీ పని షరతులను చదివి పాటించడం.

ఆ షరతులు ఒక్కో లైసెన్స్‌లో ఒక్కోలా ఉంటాయి. యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ తెచ్చిన సెర్న్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ 2020లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి మూడు రకాలుగా ఉంది. ఎస్ రకంలో మీరు చేసిన మార్పులనూ అదే లైసెన్స్ కింద పంచాలి. డబ్ల్యూ రకంలో ఆ బాధ్యత కొంత పరిమితం. పీ రకంలో మూల గమనికలు నిలబెడితే చాలు, మీ మార్పులను మూసి ఉంచుకోవచ్చు. క్రియేటివ్ కామన్స్ సంస్థ లైసెన్స్‌లలో బీవై ఎస్ఏ (పేరు చెప్పాలి, అదే షరతుతో పంచాలి అనే రకం) కింద ఉన్న లేఅవుట్‌ను మీరు మార్చితే, మీ రూపాన్ని అదే లైసెన్స్ కింద గాని, దానికి అనుకూలమైనదిగా ప్రకటించిన మరో లైసెన్స్ కింద గాని ఇవ్వాలి. దాన్ని తెచ్చి, షరతులు చాలా తక్కువగా ఉండే ఎంఐటీ లైసెన్స్ కింద పెట్టడం కుదరదు. సెర్న్ లైసెన్స్ కింద పెట్టడమూ కుదరదు. మంచి ఉద్దేశంతోనే చాలామంది తప్పటడుగు వేసే చోటు ఇది. "రెండూ ఓపెనే కదా" అనుకుంటారు. అలా మార్చాలంటే మూల రూపకర్త అనుమతి విడిగా కావాలి.

అయితే కనీసం తెలియజేయాలా?

చాలా లైసెన్స్‌లు తెలియజేయమని కోరవు. 2007లో వచ్చిన టాపర్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ మాత్రం కోరుతుంది: మార్చిన పత్రాలను పంచేవారు, ఈమెయిల్ చిరునామా ఇచ్చిన రూపకర్తలకు వాటిని పంపే ప్రయత్నం చేయాలి. అది సద్భావంతో నెరవేర్చవలసిన బాధ్యత అని కూడా అందులో రాశారు. ఈమెయిల్ చేరకపోతే మీరు ఇంకేమీ చేయనక్కర్లేదు, మీ పని ముందుకు సాగించవచ్చు. ఈ వాక్యం నాకు చాలా ఇష్టం. చెప్పడం మన వంతు, జవాబు కోసం జీవితాంతం ఎదురుచూడడం కాదు. మీ డిజైన్‌కు ఏ లైసెన్స్ వర్తించినా ఇదే కొలత పెట్టుకోమని నా సలహా.

ఫైళ్లు బహిరంగంగానే ఉన్నాయి, లైసెన్స్ మాత్రం ఎక్కడా లేదు.

అంటే అనుమతి లేదని అర్థం. అందరికీ కనిపించడం, అందరికీ హక్కు ఇవ్వడం ఒకటి కావు. ఇలాంటి చోట రాసి అడగండి. తరచుగా అది మరిచిపోవడం వల్లే జరుగుతుంది. "ఏ లైసెన్స్ కింద ఇవ్వాలనుకున్నారు?" అన్న చిన్న ప్రశ్నకు మరుసటి రోజే రిపాజిటరీలో (ఫైళ్లు ఉంచే ఆన్‌లైన్ చోటులో) లైసెన్స్ ఫైలు ప్రత్యక్షమవడం నేను చూశాను. అప్పుడు మీకే కాదు, మీ తర్వాత వచ్చేవారికీ దారి తెరుచుకుంటుంది. అందుకే మీ ఒక్కరికే అనుమతి ఇమ్మని కోరడం కన్నా లైసెన్స్ జతచేయమని కోరడం మేలు.

"వాణిజ్యేతర వాడుకకు మాత్రమే" అని ఉంది. నేను అమ్మను కాబట్టి ఫరవాలేదు కదా?

మీరు ఇంట్లో చేసుకోవడానికి, మీ మార్పులను అదే షరతుతో పంచడానికి ఫరవాలేదు. కానీ దాన్ని ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ అని పిలవకూడదు. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ నిర్వచనం ప్రకారం తయారీని, అమ్మకాన్ని లైసెన్స్ అనుమతించాలి; వాడే రంగాన్ని బట్టి ఎవరినీ అడ్డుకోకూడదు. మీరు అమ్మకపోయినా, మీ ఫైళ్లు తీసుకున్న మూడో వ్యక్తి అమ్మాలనుకోవచ్చు. వారికి ఇచ్చే హక్కు మీ దగ్గర లేదు. ఉన్న దారులు రెండే: లైసెన్స్ మార్చమని లిఖితపూర్వకంగా అడగడం, లేదా ఫైళ్లు పక్కన పెట్టి మొదటి నుంచి గీసుకోవడం.

అసలు వస్తువు మూసి ఉన్న వాణిజ్య ఉత్పత్తి. దాన్ని విప్పి చూసి నాది చేసుకున్నాను.

కొన్న వస్తువును విప్పి, కొలిచి, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం చాలా దేశాల్లో వ్యాపార రహస్యాల చట్టం కింద తప్పు కాదు. యూరోపియన్ యూనియన్ 2016లో తెచ్చిన వ్యాపార రహస్యాల ఆదేశం ఈ మాటను నేరుగా చెబుతుంది. అయితే మీరు ఆ కంపెనీతో గోప్యతా ఒప్పందం మీద సంతకం చేసి ఉన్నా, అక్కడ పనిచేసి ఉన్నా, వాడుక షరతుల్లో విప్పకూడదని ఒప్పుకుని ఉన్నా పరిస్థితి మారిపోతుంది. ఆ స్థితిలో ముందడుగు వేయకముందే న్యాయవాది దగ్గరకు వెళ్లండి.

ఆ తర్వాత పేటెంట్లు వెతకండి. వస్తువు మీద, పెట్టె మీద, పుస్తకంలో పేటెంట్ సంఖ్యలు ఉంటాయి. త్రీడీ ప్రింటింగ్ చరిత్ర చూస్తే దీని బరువు తెలుస్తుంది. కరిగిన ప్లాస్టిక్‌ను పొరలుగా పేర్చే పద్ధతి మీద స్ట్రాటసిస్ కంపెనీకి ఉన్న ప్రధాన పేటెంట్ 2009లో ముగిసింది. చవకైన ఇంటి ప్రింటర్ల కంపెనీలు వెల్లువెత్తింది ఆ తర్వాతే. ఏడ్రియన్ బౌయర్ 2005లో బాత్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన రెప్‌రాప్ అనే ఓపెన్ సోర్స్ త్రీడీ ప్రింటర్ ప్రాజెక్టు ఆ వెల్లువకు పునాది. రెప్‌రాప్ వారు మరో జాగ్రత్త కూడా తీసుకున్నారు. ఆ పద్ధతికి వాడే ఎఫ్‌డీఎం అన్న పేరు స్ట్రాటసిస్ ట్రేడ్‌మార్కు కాబట్టి, అదే ప్రక్రియకు ఎఫ్ఎఫ్ఎఫ్ అనే కొత్త పేరు పెట్టుకున్నారు.

మూసి ఉన్న ఉత్పత్తి కంపెనీకి ముందుగా రాయాలా? నా అభిప్రాయంలో, అది ఒకరిద్దరు నడిపే చిన్న సంస్థ అయితే తప్పకుండా రాయాలి. పెద్ద సంస్థ అయితే మీ ఉత్తరం నేరుగా వారి న్యాయ విభాగానికి వెళుతుంది, అక్కడి నుంచి వచ్చే జవాబు స్నేహంగా ఉండకపోవచ్చు. అప్పుడు మీ సలహాదారు చెప్పినట్టు చేయండి.

చట్టం అడగమనని చోట కూడా ఎందుకు రాయాలి? అది మర్యాద మాత్రమేనా?

మర్యాద ఒక కారణం. అంతకన్నా బలమైన కారణం నా అనుభవంలో తెలిసింది.

కొన్నేళ్ల కిందట ప్రయోగాల బల్ల మీద వాడుకునే చిన్న విద్యుత్ సరఫరా బోర్డు ఒకటి విడుదల చేశాను. ఏడాది తర్వాత ఒక అపరిచితుడి నుంచి ఈమెయిల్ వచ్చింది: "మీ బోర్డులో రెగ్యులేటర్ పక్కన ఉన్న కెపాసిటర్ ఎందుకు వేడెక్కుతోంది?" ఫోటో చూస్తే అది నా బోర్డు కాదు. నా ఫైళ్ల నుంచి మరొకరు చేసిన రూపం. లైసెన్స్ ప్రకారం వారి తప్పేమీ లేదు, నా పేరు కూడా సరిగ్గానే రాశారు. కానీ ఆ కెపాసిటర్ లోపాన్ని నేను అంతకు చాలా ముందే కనిపెట్టి, సరిచేసిన రెండో వెర్షన్‌ను బల్ల మీద పరీక్షిస్తున్నాను. ఇంకా విడుదల చేయలేదు. వారు నాకు రెండు వాక్యాలు రాసి ఉంటే ఆ పూటే చెప్పేవాడిని. ఆ సమయానికి వారు పాత లోపంతోనే బోర్డులు వేయించి పంచేశారు. వారూ నష్టపోయారు, కొన్నవారూ నష్టపోయారు. నాకు మిగిలింది బాధ.

ఫైళ్లలో చివరికి నిలిచిన నిర్ణయాలు మాత్రమే ఉంటాయి. ప్రయత్నించి వదిలేసిన దారులు, దొరకక మార్చిన భాగాలు, "ఇది వచ్చేసారి సరిచేయాలి" అనుకున్న చోట్లు మూల రూపకర్త తలలోనే ఉంటాయి. వాటిని తెలుసుకునే దారి ఆ మనిషితో మాట్లాడడమే.

అయితే "విడుదల చేయవచ్చా?" అని రాయమంటారా?

ఆ వాక్యం రాసే ముందు ఆగండి. అడగడం వేరు, చెప్పడం వేరు. ఈ పేజీలో ఒక్క విషయమే గుర్తుంచుకునేంత తీరిక మీకుంటే, ఇదే గుర్తుంచుకోండి.

"చేయవచ్చా?" అని అడిగారంటే నిర్ణయాన్ని వారి చేతిలో పెట్టారు. వారు వద్దంటే ఆగాలి. వద్దన్నా విడుదల చేయాలని లోపల ముందే నిశ్చయించుకుని పైకి అడగడం చాలా అన్యాయం. అవతలి మనిషి ఆలోచించి, సమయం వెచ్చించి, వద్దని రాసిన తర్వాత "చట్టప్రకారం మీ అనుమతి నాకు అక్కర్లేదు" అని జవాబిస్తే, అసలు రాయకుండా ఉన్నదానికన్నా ఎక్కువ గాయం చేసినట్టు. ఆ మనిషి ఆ తర్వాత ఫైళ్లు పంచడమే మానేయవచ్చు. అలా మానేసినవారు నాకు తెలుసు.

కాబట్టి రాసే ముందు మీలో మీరే తేల్చుకోండి. అనుమతి నిజంగా అవసరమైతే, లేదా వారు కాదంటే ఆగడానికి మీరు సిద్ధమైతే, అడగండి. లేకపోతే చెప్పండి. "ఫలానా తేదీన విడుదల చేయబోతున్నాను. మీ పనికి ఇలా పేరు ఇస్తున్నాను. ఏదైనా సరిచేయాలనిపిస్తే చెప్పండి." ఇది నిజాయితీ గల వాక్యం. దీనిలోనూ అడగదగిన విషయాలు ఉన్నాయి: పేరు ఎలా రాయాలి, ఏ చిరునామాకు లంకె ఇవ్వాలి, బోర్డు పేరు గందరగోళం కలిగిస్తుందా. వీటిలో వారి మాట వినడానికి మీరు సిద్ధంగా ఉన్నారు కాబట్టి వీటినే అడగండి.

ఎప్పుడు రాయాలి?

ఆలోచన పుట్టిన రోజున కాదు. ఎన్నో ఆలోచనలు నమూనా దాకా రావు, వారి సమయం వృథా. విడుదల చేసిన రోజునా కాదు, అప్పటికి వారి మాటకు విలువ ఉండదు. నమూనా పనిచేసి, ఫైళ్లు చూపించగల స్థితికి వచ్చి, పేరు ఇంకా మార్చగలిగినప్పుడు రాయండి. విడుదలకు రెండు మూడు వారాల ముందు అయితే బాగుంటుంది. బోర్డు మీద పేరు ముద్రించి తయారీకి పంపిన తర్వాత రాస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ముందస్తు చందాలు సేకరించి అమ్మే ఆలోచన ఉంటే ఇంకా ముందే రాయండి.

ఉత్తరంలో ఏముండాలి? ఒక నమూనా ఇవ్వగలరా?

చిన్నదిగా ఉండాలి. మీరెవరు, వారి పనిలో ఏది తీసుకున్నారు, ఏది మీరు చేశారు, ఏ లైసెన్స్, ఎప్పుడు, ఫైళ్లు ఎక్కడ చూడవచ్చు. పొగడ్త ఒక్క వాక్యం చాలు, అది కూడా నిర్దిష్టంగా ఉండాలి. తెలియజేసే ఉత్తరం ఇలా ఉండవచ్చు (ఇందులో రీడ్‌మీ అంటే ఫైళ్లతో పాటు ఉంచే పరిచయ పత్రం):

"నమస్కారం. మీరు విడుదల చేసిన ఉష్ణోగ్రత నమోదు బోర్డును ఆరు నెలలుగా వాడుతున్నాను. బ్యాటరీని రోజుల తరబడి నిలిపే మీ నిద్రావస్థ సర్క్యూట్ నాకు చాలా నేర్పింది. ఆ ఆలోచన ఆధారంగా తేమను నమోదు చేసే బోర్డు ఒకటి చేశాను. స్కీమాటిక్‌లో విద్యుత్ సరఫరా భాగం మీ ఫైలు నుంచే తీసుకున్నాను, మిగతాది, లేఅవుట్ మొత్తం కొత్తగా గీశాను. మీ లైసెన్స్ ప్రకారం నా ఫైళ్లనూ అదే లైసెన్స్ కింద వచ్చే నెల 20న విడుదల చేయబోతున్నాను. ముసాయిదా ఈ లంకెలో ఉంది. మీ పేరును రీడ్‌మీ మొదటి పేరాలో ఇలా రాశాను, ఇది మీకు సమ్మతమేనా? నేను గమనించని లోపాలు మీ దృష్టికి వస్తే చెబితే ఎంతో మేలు. జవాబు రాయడం మీకు వీలుకాకపోతే ఇబ్బంది పడవద్దు."

అనుమతి కోరే ఉత్తరమైతే చివర ఈ మాటలు చేర్చండి: "మీ ఫైళ్లకు ప్రస్తుతం వాణిజ్యేతర షరతు ఉంది. నా రూపాన్ని సెర్న్ లైసెన్స్ ఎస్ రకం కింద విడుదల చేయడానికి మీ అనుమతి కోరుతున్నాను. దీనివల్ల ఇతరులు దీన్ని తయారు చేసి అమ్మే వీలు కలుగుతుంది. మీరు వద్దంటే ఈ భాగాన్ని తీసివేసి కొత్తగా గీసుకుంటాను." ఇతరులు అమ్మే వీలు గురించి చెప్పే మూడో వాక్యాన్ని వదిలేయకండి. దేనికి ఒప్పుకుంటున్నారో తెలియకుండా ఇచ్చిన అనుమతి తర్వాత గొడవకు దారి తీస్తుంది.

జవాబు రాలేదు.

రెండు వారాల తర్వాత ఇంకొక్కసారి, వీలైతే వేరే మార్గంలో రాయండి. అంతటితో ఆపండి. మౌనం అర్ధాంగీకారం అనే సామెతను ఇక్కడ వాడకూడదు. అనుమతి నిజంగా అవసరమైన చోట మౌనమంటే "లేదు" అనే. మీరు తెలియజేస్తున్నారంతే అయితే చెప్పిన తేదీన విడుదల చేయండి. రీడ్‌మీలో "జవాబు ఇవ్వలేదు" అని రాయకండి. వారికి జబ్బు చేసి ఉండవచ్చు, ఆ చిరునామా వాడడం మానేసి ఉండవచ్చు.

చట్టం ఒప్పుకుంటుంది, కానీ వారు "దయచేసి విడుదల చేయవద్దు" అన్నారు.

కష్టమైన స్థితి ఇదే. మొదట కారణం అడగండి, వాదించకండి. నేను విన్న కారణాలు కొన్నే. సొంతంగా కొత్త వెర్షన్ తేబోతున్నారు. మీ బోర్డు కొన్నవారు సందేహాలతో తమ మీద పడతారని భయపడుతున్నారు. పేర్లు కలిసిపోతాయని, గతంలో చౌక నకళ్లతో దెబ్బతిన్నామని అంటారు. కొందరికి ఆ బోర్డే జీవనాధారం. వీటిలో చాలావాటికి మందు ఉంది. విడుదలను రెండు నెలలు వాయిదా వేయవచ్చు. పేరు, రంగు మార్చవచ్చు. "ఈ బోర్డు గురించి సందేహాలు నాకే రాయండి, మూల రూపకర్తకు కాదు" అని బోర్డు వెనుకే ముద్రించవచ్చు.

ఏదీ సరిపోకపోతే నిర్ణయం మీదే. నా వరకు నేను, ఒకే బోర్డు మీద బతికే ఒంటరి రూపకర్త అయితే ఆగిపోతాను, లేదా నా బోర్డు వారి బోర్డుకు బదులుగా కాకుండా తోడుగా నిలిచేలా మారుస్తాను. వారే ఓపెన్ లైసెన్స్ ఇచ్చి, ఇప్పుడు పోటీ నచ్చక వద్దంటుంటే, విడుదల చేస్తాను. ఆ లైసెన్స్‌ను నమ్మి మొదలుపెట్టినది నేను ఒక్కడినే కాదు. కానీ విడుదలకు ముందే "మీ మాట విన్నాను, ఈ మార్పులు చేశాను, అయినా ముందుకు వెళుతున్నాను" అని వారికే నేరుగా రాస్తాను. వారి ఉత్తరాన్ని బయటపెట్టను. ఒకరు మనకు విడిగా రాసిన మాటలను వారిని అడగకుండా బహిరంగం చేయకూడదు, అవి మనకు అనుకూలంగా ఉన్నా సరే.

మొదట సరేనని, తర్వాత మనసు మార్చుకున్నారు.

క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లు, షరతులు పాటించినంత కాలం, వెనక్కి తీసుకోలేనివి. ఒకసారి ఆ లైసెన్స్‌తో మీకు అందిన ఫైళ్ల మీద హక్కు పోదు. కబుర్ల మధ్య నోటిమాటగా ఇచ్చిన "సరే" అంత గట్టిది కాదు. అందుకే అనుమతిని ఈమెయిల్లోనైనా లిఖితంగా తీసుకుని, ఏ ఫైళ్లకు, ఏ లైసెన్స్ కింద అన్నది అందులో ఉండేలా చూసుకోండి.

పేరు విషయంలో ఏం జాగ్రత్త?

ఫైళ్లు ఇచ్చినంత మాత్రాన పేరు ఇచ్చినట్టు కాదు. నేర్చుకునేవారు విరివిగా వాడే ఆర్డుయినో బోర్డుల్లో చాలావాటి డిజైన్ ఫైళ్లు ఓపెన్, ఆర్డుయినో అన్న పేరు మాత్రం ట్రేడ్‌మార్కు. బోర్డును చేసుకోవచ్చు, ఆ పేరుతో అమ్మకూడదు. "ఆర్డుయినోతో పనిచేస్తుంది" అని నిజం చెప్పడం వేరు, "ఆర్డుయినో" అని ముద్రించడం వేరు. సింథసైజర్ మాడ్యూళ్లు తయారు చేసిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన ఫైళ్లతో పాటే స్పష్టంగా రాసింది: రూపాంతరాల మీద సంస్థ పేరు వాడవద్దు, మాడ్యూల్ అసలు పేరునూ ఉంచకపోవడం మంచిది. పైగా కొత్త పేరు ఎలా పెట్టుకోవచ్చో ఉదాహరణ కూడా ఇచ్చింది. రూపాంతరానికి వేరే పేరు గాని, వెర్షన్ సంఖ్య గాని ఉండాలని లైసెన్స్ కోరడాన్ని ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ నిర్వచనం కూడా అనుమతిస్తుంది. వారి పేరుకు చివర ఒక అక్షరం తగిలించి సరిపెట్టకండి.

గుర్తింపు ఎక్కడ, ఎలా ఇవ్వాలి?

రీడ్‌మీ పైభాగంలో, స్కీమాటిక్ మూలలోని వివరాల పెట్టెలో, చోటుంటే బోర్డు మీద. "ఫలానా వారికి ధన్యవాదాలు" సరిపోదు. ఏది వారిది, మీరు ఏం మార్చారు, అసలు ఎక్కడ ఉంది, ఏ లైసెన్స్ అన్నవి ఉండాలి. వారు మీ పనిని సమర్థిస్తున్నారన్న భావం కలిగించకూడదు. ఒక్కోసారి రూపకర్తే తన పేరు తీసేయమంటారు. క్రియేటివ్ కామన్స్ 4.0 ప్రకారం అలా అడిగినప్పుడు సాధ్యమైనంత మేరకు తీసేయాలి. ఒక్క ఆలోచనే తీసుకుని లైసెన్స్ బాధ్యత ఏమీ లేకపోయినా నేను పేరు రాస్తాను.

ఫర్మ్‌వేర్‌కూ (బోర్డులో నడిచే కోడ్‌కూ) ఇదే వర్తిస్తుందా?

దాని లైసెన్స్ విడిగా ఉంటుంది, విడిగా చదవండి. బోర్డు ఓపెన్, కోడ్ మూసినది కావచ్చు. తిరగేసి కూడా కావచ్చు.

నా రూపాన్ని అమ్మితే వారికి వాటా ఇవ్వాలా?

ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ లైసెన్స్ అలాంటి వాటాను షరతుగా పెట్టకూడదు, నిర్వచనమే వద్దంటుంది. ఇష్టపూర్వకంగా ఇవ్వడం మాత్రం ఈ రంగంలో ఉన్న మంచి అలవాటు. డబ్బు ఇవ్వలేకపోతే మొదటి విడత నుంచి ఒక బోర్డు పంపండి. వారి పని మరొకరి చేతిలో ఎలా మారిందో వారు చేత్తో పట్టుకుని చూస్తారు.

ఎవరికీ చెప్పకుండా ఇప్పటికే విడుదల చేసేశాను. ఇప్పుడేం చేయాలి?

ఈ రోజే రాయండి. సాకులు వద్దు: ఏం తీసుకున్నారో, ఏం రాయలేదో చెప్పి, ఏం సరిచేశారో చెప్పండి. పేరు లేకపోవడమే లోపమైతే ముందు సరిచేసి ఆపై రాయండి. క్రియేటివ్ కామన్స్ 4.0లో షరతు తప్పితే హక్కు రద్దవుతుంది, కానీ తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే తిరిగి వస్తుంది. హక్కే లేని ఫైళ్లు పెట్టి ఉంటే వాటిని తొలగించండి. రిపాజిటరీ చరిత్రలో పాత వెర్షన్లు మిగిలి ఉంటాయని మరవకండి. వాటిని దించుకున్నవారు చూసేలా ఒక ప్రకటన కూడా పెట్టండి.

పని చేస్తుండగా వారి అసలు డిజైన్‌లో ప్రమాదకరమైన లోపం కనిపించింది.

ఇక్కడ మర్యాదల లెక్కలు పక్కన పెట్టండి. గోడ ప్లగ్ కరెంటు, లిథియం బ్యాటరీ, వేడి పుట్టించే భాగాలు ఉన్న బోర్డు అయితే వెంటనే, విడిగా, కొలతలతో సహా వారికి తెలియజేయండి. ఏ పరిస్థితిలో, ఎంత వోల్టేజి దగ్గర, ఏం జరిగిందో రాయండి. మీ విడుదలను ప్రచారం చేసుకోవడానికి ఆ లోపాన్ని వాడుకోకండి. వారు స్పందించకపోతే, వాడుతున్నవారి భద్రత కోసం నిందలు లేకుండా బహిరంగంగా చెప్పండి. లోపం చిన్నదైతే, ఉదాహరణకు తప్పుగా రాసిన రెసిస్టర్ విలువ అయితే, సరిచేసిన ఫైలును వారికే పంపండి. వారు అంగీకరిస్తే మీ రూపాంతరం అవసరమే ఉండకపోవచ్చు.

ఇక నా డిజైన్ నుంచి ఇతరులు మొదలుపెడతారు. నాకు చెప్పమని వారిని కోరవచ్చా?

కోరవచ్చు, షరతుగా కాకుండా విన్నపంగా. నా రీడ్‌మీల చివర ఇప్పుడు ఇలా ఉంటుంది: "ఈ ఫైళ్లు వాడడానికి నన్ను అడగనక్కర్లేదు. లైసెన్స్ పాటిస్తే చాలు. మీ బోర్డుకు వేరే పేరు పెట్టండి. తయారీకి పంపే ముందు ఈ చిరునామాకు ఒక మాట రాస్తే, ఇంకా విడుదల చేయని సవరణలు ఏమైనా ఉంటే మీకు పంపుతాను." ఇది చేర్చిన తర్వాత నాకు వచ్చే ఉత్తరాలు పెరిగాయి. వాటిలో ఒకరు అదే విద్యుత్ సరఫరా బోర్డు మూడో వెర్షన్‌లో నేను గమనించని గ్రౌండ్ (భూమి) దారి లోపాన్ని చూపించారు. నాలుగో వెర్షన్ బోర్డు వెనుక వారి పేరు కూడా ఉంది, వారిని అడిగే ముద్రించాను.